గాలికీ కరువే!

అనంతపురానికి వాన ఎప్పుడూ బాకీయే. ఏడాదంతా కూడబెడితే 550 మిల్లీమీటర్ల దగ్గర చతికిలబడే జిల్లా. మరి గాలికేమొచ్చింది? ఉరవకొండ వైపు వెళ్లి చూడండి, గాలిమరలు గిరగిరా తిరుగుతుంటాయి. గాలి కరెంటై అమ్ముడుపోతోంది. టౌనులో మూడో అంతస్తు ఫ్లాటులోకి మాత్రం రానంటోంది. దారి ఉంటే కదా వచ్చేది!

బ్రోచరు మీద పేరేమో గ్రీన్ హోమ్స్. ఈ కరువు సీమలో అంత పచ్చదనం ఆ కాగితం మీదే దొరుకుతుంది. "గాలి యాడ నుంచి వస్తాదన్నా?" అని బిల్డరును అడిగి చూడండి.

"ఏసీ పాయింటు ఇచ్చినాం గదా సార్!"

రూలు లేదా? భేషుగ్గా ఉంది. 2018 డిసెంబరులో కేంద్రం 'ఎకో నివాస్ సంహిత' తెచ్చింది. పొడి వేడి ప్రాంతంలోనైతే కార్పెట్ ఏరియాలో కనీసం 10 శాతం బయటికి తెరుచుకునే కిటికీలు, తలుపులు ఉండాలంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి వంద. తెరుచుకునేవి సుమా! మన బిల్డరు పెట్టేదేమో రెండు రెక్కల స్లైడింగు. ఒక రెక్క జరిపితే రెండోదాని వెనక నక్కుతుంది. అందుకే సంహిత దాన్ని సగం కిందే లెక్కేసింది. ప్లానులో ఆరడుగుల కిటికీ, గాలికి మూడడుగులు. దానికీ మళ్లీ పావురాల వల!

పైగా 2018 నాటి ఈ సంహిత 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న స్థలాలకేనట. అంటే పన్నెండు సెంట్లు దాటాలి. పది సెంట్లలో ఐదంతస్తులు లేపినాయనకు అసలు బెంగే లేదు. అందులో ఉండేవాళ్లు ఊపిరి పీల్చరు కాబోలు.

మా అవ్వ బడి మొహం చూడలేదు. ఆమె చౌడు మిద్దెకు నడినెత్తిన గవాచి ఉండేది. పొగ పైకి పోయేది, వెలుగు కిందికి దిగేది. వానొస్తే బండ మూసేది. ఏ గ్రీన్ రేటింగూ అడగలేదు, ఏ ఫీజులోనూ రాయితీ అడగలేదు.

ఇక సందు సంగతి. ప్లానులో చుట్టూ వదిలిన ఖాళీ, స్లాబు పడేసరికి బాల్కనీ అయిపోతుంది. కిటికీ తెరిస్తే పక్కింటి పోపు మన ముక్కులో, వాళ్ల ఏసీ డబ్బా వేడి మన మంచం మీద. అధికారులు కూలుస్తారా? అంత కఠినాత్ములా! బీపీఎస్ అనే భవనాల క్రమబద్ధీకరణ పథకం ఉంది. 2007 చివర్లో ఒకటి, 2015లో ఒకటి, 2019లో ఇంకొకటి. అపరాధ రుసుము కట్టు, సక్రమం చేయించుకో. గాలి కోసం రూలు రాసింది సర్కారే, గాలి రావాల్సిన సందుకు రసీదు కొట్టిందీ సర్కారే. ఖజానాకు డబ్బు చేరింది. మరి ఉక్కపోతకు రిఫండు ఎవరిస్తారు సామీ?

మే నెలలో రాత్రి కరెంటు పోతుంది. చాపలు చంకన పెట్టుకుని అపార్టుమెంటంతా పై డాబాకు పరుగు. తలుపుకు తాళం. పైన పెంటుహౌసు లేస్తోంది.

"పర్మిషనుందా అన్నా?"

"బీపీఎస్ రానీ సార్!"