మీ కొలతకు సరిపోయే చొక్కా కొనకండి

తక్కువ డబ్బుతో, పాత బట్టలతో సొగసుగా తయారవ్వాలనుకునేవాళ్లకు అందరూ ఒకే పాఠం చెబుతారు. మీ సైజు చూసుకోండి. చిరుగూ మరకా లేనిది ఏరుకోండి. పేరున్న కంపెనీది దొరికితే వదలకండి. సగానికి సగం బేరమాడండి. ఎక్కడ కొన్నారో మాత్రం ఎవరికీ చెప్పకండి. ఈ పాఠం పట్టుకుని బజారుకెళ్లినవాళ్ల బీరువా ఒకసారి తెరిచి చూడండి. చంకల్లో పట్టేసే చొక్కాలు, రెండు ఉతుకులకే సాగిపోయిన టీషర్టులు, చౌకగా వచ్చిందని కొని ఒక్కసారీ తొడుక్కోని ప్యాంట్లు కనిపిస్తాయి.

నా సలహాలు ఈ పాఠానికి పూర్తిగా ఎదురు. వినగానే తలతిక్కగా అనిపిస్తాయి. అయినా ఒక్క మాట మీద నిలబడి చెబుతున్నాను. పాత బట్టల గుట్టలో మీరు కొనాల్సింది గుడ్డని. అది చొక్కాగా ఉందా, చీరగా ఉందా, పంచెగా ఉందా అన్నది మీకు అనవసరం. నేత బాగుంటే మిగతాదంతా దర్జీ చూసుకుంటాడు. నేత బాగోకపోతే ఏ దర్జీ ఏమీ చేయలేడు.

1. సైజు చూడొద్దు

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఆదివారం సంతలోనైనా, పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్‌లోనైనా పట్టా మీద పోసిన గుట్ట ముందు కూర్చోగానే అందరి చేతులూ మెడ దగ్గరి సైజు చీటీ మీదికే వెళ్తాయి. మీరు ఆ చీటీ జోలికి పోకండి. మీకంటే రెండు సైజులు పెద్దదే తీసుకోండి. పెద్దదాన్ని చిన్నది చేయొచ్చు. చిన్నదాన్ని పెద్దది చేయడం బ్రహ్మతరం కూడా కాదు. కుట్టు లోపల వదిలిన కాస్త గుడ్డ తప్ప అక్కడ దర్జీకి దొరికేది ఏమీ ఉండదు.

ఆడవాళ్ల బట్టలు, మగవాళ్ల బట్టలు అన్న తేడా కూడా పక్కన పెట్టండి. పెద్ద సైజు కాటన్ చొక్కాలో అమ్మాయికి చేతుల్లేని టాప్ వస్తుంది. అయిదున్నర మీటర్ల చీరలో రెండు కుర్తీలు వస్తాయి. నాలుగు మీటర్ల పంచెలో రెండు చొక్కాలు. అది పొందూరు ఖద్దరు పంచె అయితే అదృష్టమే. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, చేత్తో వడికి, చేత్తో నేస్తారు. ఆ గుడ్డ ఉతికినకొద్దీ మెత్తబడుతుంది. తాతగారు ఏళ్ల తరబడి కట్టి విడిచిన పంచెలో ఉండే మెత్తదనం ఏ కొత్త దుకాణంలోనూ అమ్మరు.

2. కంపెనీ పేరు చదవొద్దు, తిరగేయండి

పేరు కుట్టి ఉండేది అంగుళం చీటీ మీద. దాన్ని ఏ చొక్కాకైనా కుట్టొచ్చు. అందుకే చొక్కాను తిరగేసి లోపలి వైపు చూడండి. కుట్లు దగ్గరదగ్గరగా ఉన్నాయా? పక్క కుట్టును మడిచి కుట్టారా, ఓవర్‌లాక్ కొట్టి వదిలేశారా? గళ్ల చొక్కా అయితే జేబు మీది గళ్లు ఛాతీ మీది గళ్లతో కలిశాయా? అలా కలపాలంటే గుడ్డ ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఖర్చుకు వెనకాడనివాడు నూలు దగ్గర కక్కుర్తి పడి ఉండడు.

తర్వాత ఎండకెత్తి పట్టుకోండి. భుజాల మీద, మోచేతుల దగ్గర సూదితో గుచ్చినట్టు వెలుతురు చుక్కలు కనిపిస్తే, పైకి ఎంత బాగున్నా కింద పెట్టేయండి.

2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌ను కూడా ఇలా తిరగేసే పట్టుకోవాలి. నేయకముందే దారానికి రంగు పట్టిస్తారు కాబట్టి అసలైన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఇక్కత్ బొమ్మను అచ్చు కొట్టిన గుడ్డ మాత్రం వెనక వైపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

గుడ్డ ఏదో తేలకపోతే, అమ్మేవాళ్లను అడిగి కుట్టు అంచు నుంచి ఒక పోగు లాగి, పక్కకెళ్లి అగ్గిపుల్ల చూపించండి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

3. చిరిగినదే ఏరుకోండి

మడత నలగని పాత చొక్కాను అనుమానించండి. అంత కాలం బీరువాలో ఉండి కూడా ఎవరూ తొడుక్కోలేదంటే, ఒంటి మీద హాయిగా ఉండి ఉండదు. కాలర్ అరిగిన చొక్కాను మాత్రం ఎవరో ఇష్టపడి, మళ్లీ మళ్లీ ఉతికి తొడుక్కున్నారు. అన్ని ఉతుకులకూ నిలబడిన గుడ్డ అది. పైగా చిరుగుంటే ధర దానంతటదే దిగుతుంది.

చిరుగు ఎక్కడుందో చూడటమే అసలు పని. కుట్టు విడిపోయినా, గుండీలు ఊడినా, జిప్పు పోయినా నిశ్చింతగా తీసుకోండి. గుడ్డే పీచులు తేలితే వద్దు. చంకల్లో పసుపుపచ్చగా గట్టిపడిన చెమట మరకలుంటే వద్దు. నల్ల చుక్కల్లా బూజు పట్టి ఉన్నా వద్దు. ఆ రెండూ సామాన్యంగా వదలవు.

అరిగిన కాలర్‌కు మన పెద్దలకు బాగా తెలిసిన మందు ఒకటుంది. ఒకప్పుడు గుమాస్తాలూ బడిపంతుళ్లూ కాలర్ తిప్పించుకునేవాళ్లు. దర్జీ కాలర్‌ను పట్టీ దగ్గర విప్పి, అరిగిన వైపు అడుక్కి పోయేలా తిప్పి, మళ్లీ అక్కడే కుట్టేవాడు. అడుగు పొరకు అంతవరకూ ఒరిపిడే తగలదు కాబట్టి అది కొత్తదానిలా పైకి వస్తుంది. ఈ పని తెలిసిన పాత దర్జీ మీ వీధిలో ఇంకా ఉంటే ఆయన్ను వదులుకోకండి. మంచి ఉన్ని కోటుకు చిల్లు పడితే రఫ్ఫు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. లోపలి మడతల్లోంచి పోగులు తీసి, చిల్లు పడిన చోట పడుగూ పేకా సూదితోనే నేసేస్తారు.

4. రంగు చూసి మోజుపడొద్దు

గుట్టలో కంటికి ముందు తగిలేది రంగు. మీ కన్ను దాని వెంట పోనివ్వకండి. వెలిసిన తెల్ల చొక్కా, పాలిపోయిన లేత గులాబీ కుర్తీ నికార్సైన నూలువైతే తీసుకుని ముదురు రంగు వేయించండి. లేత రంగు మీద ముదురు పడుతుంది, ముదురు మీద లేత పట్టదు. నూలుకు రంగు వేసినా పాలియెస్టర్ కుట్టుదారం మాత్రం పాత రంగులోనే ఉండిపోతుంది. దాన్ని మార్చకండి. ముదురు నీలం మీద సన్నగా కనిపించే ఆ తెల్లటి కుట్టు గీత, డబ్బు పెట్టి వేయించుకున్న పనిలా ఉంటుంది.

ఇక మ్యాచింగ్ గొడవ వదిలేయండి. బీరువా మొత్తానికి మూడే రంగులు పెట్టుకోండి, నీలం, తెలుపు, గోధుమ లాంటివి. ఏది దేని మీద వేసుకున్నా కుదురుతుంది. పది బట్టలతోనే నెలంతా కొత్తగా కనిపిస్తారు.

5. బజారుకు ముందు పిన్నిగారి బీరువా తెరిపించండి

తెలుగిళ్లలో పట్టుచీరను పెళ్లికొకసారి, గృహప్రవేశానికొకసారి కడతారు. ఆ తర్వాత తెల్ల గుడ్డలో చుట్టి దాచేస్తారు. మడత మార్చకుండా ఏళ్ల తరబడి ఉంచితే పట్టు ఆ మడత వెంబడే చీలిపోతుంది. చీలకముందే వెళ్లి అడగండి.

పెళ్లికి వెళ్తే భోజనాల కంటే ముందు చీరలు చూడండి. ఎవరేం కట్టుకున్నారో గుర్తుపెట్టుకోండి. నాలుగేళ్లు ఆగి ఫోన్ చేయండి. “అత్తయ్యా, అన్నయ్య పెళ్లికి కట్టుకున్నారే, నెమలికంఠం రంగు గద్వాల్ చీర, ఇప్పుడు కడుతున్నారా? లేకపోతే నాకిస్తారా?” అని నోరు తెరిచి అడగండి. అడగడానికి సిగ్గుపడి, అలాంటి చీరనే వేల రూపాయలు పోసి దుకాణంలో కొనుక్కునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. చాలామంది అత్తయ్యలు, పిన్నులు సంతోషంగా ఇస్తారు. బీరువాలో చోటు లేక వాళ్లూ అవస్థ పడుతుంటారు.

గద్వాల్ చీర అయితే ఇంకో లాభం. నూలు ఒడలికి పట్టు అంచునూ పట్టు కొంగునూ కలిపి నేస్తారు. ఒడలు చివికిపోయినా అంచూ కొంగూ గట్టిగానే ఉంటాయి. వాటిని కత్తిరించి కొత్త నూలు గుడ్డకు వేయించండి. పాత కంచి పట్టు అక్కడక్కడా నీరసించి ఉంటే వెనక నెట్ వేయించి, రోలింగ్ చేయిస్తే మళ్లీ కట్టుకోవచ్చు. కట్టుకునే స్థితి దాటిపోతే పాపకు పరికిణీ కుట్టించండి.

వీధుల్లో పాత పట్టుచీరలు కొంటామంటూ తిరిగేవాళ్లకు మాత్రం అమ్మకండి. వాళ్లకు కావాల్సింది జరీలోని వెండి. ఒక జరీ పోగు తీసి గోటితో గీకి చూడండి. లోపల ఎర్ర పట్టుదారం కనిపిస్తే మేలైన జరీకి అది గుర్తు. తెల్ల దారం బయటపడితే మామూలు జరీ అనుకోవచ్చు. ఏదైనా సరే, నేత నేతే. దాన్ని తూకానికి అమ్మడం నా దృష్టిలో పాపం.

6. బేరమాడొద్దు

స్టీలు సామాన్ల బుట్ట నెత్తిన పెట్టుకుని, గిన్నెకింత అని పాత బట్టలు సేకరిస్తూ ఇల్లిల్లూ తిరిగే ఆడవాళ్లున్నారు. అలా వచ్చిన గుట్టను ఏరాలి, ఉతకాలి, గుండీలు కుట్టాలి, ఇస్త్రీ చేయాలి. ఆ తర్వాతే అది బజారుకొస్తుంది. ఇంత పని దాటి వచ్చిన చొక్కా దగ్గర ఇరవై రూపాయల కోసం అరగంట గీచిగీచి బేరమాడటం నాకు నచ్చదు. గుడ్డ బాగుంటే అడిగినంత ఇచ్చేయండి. ఇచ్చి, “అక్కా, ఖద్దరు గానీ, చేనేత గానీ, లినెన్ గానీ వస్తే నాకోసం పక్కన పెట్టు” అని చెప్పండి. ఆమె చూపు మీ కళ్లకంటే ముందే మంచి గుడ్డను పట్టుకుంటుంది.

7. చొక్కాకి వంద, దర్జీకి మూడు వందలు

పొదుపు కోసం పాత బట్టలు కొని, కుట్టుకూలి దగ్గర పిసినారితనం చేస్తే అసలుకే మోసం. చొక్కా ధరకు మూడింతలైనా సరే కుట్టుకూలికి తీసిపెట్టండి. కొత్త బ్రాండు చొక్కాతో పోలిస్తే అప్పటికీ తక్కువే అవుతుంది.

దర్జీ దగ్గరికి వట్టి చేతులతో వెళ్లకండి. మీకు అచ్చంగా కుదిరిన ఆది చొక్కా ఒకటి పట్టుకెళ్లండి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక మీదికి రావాలని చెప్పండి. అది కుదిరితే సగం పని అయిపోయినట్టే. పక్కలు తగ్గించమనండి, చేతుల వెడల్పు తగ్గించమనండి. చివరగా ప్లాస్టిక్ గుండీలు తీయించి కొబ్బరిచిప్ప గుండీలు వేయించండి. చూసేవాళ్ల కన్ను ముందు పడేది గుండీల మీదే.

8. తెచ్చిన రోజు గుమ్మం దాటనివ్వొద్దు

పాత బట్టల సంచిని మూతి బిగించి ఇంటి బయటే ఉంచండి. ఎవరి మంచంలోని నల్లులు అందులో ఉన్నాయో తెలియదు. నూలు బట్టలైతే బాగా వేడినీళ్లలో నానబెట్టి, ఉతికి, మండుటెండలో ఆరేయండి. రంగు వేయించిన గుడ్డను మొదటిసారి విడిగా ఉతకండి. పట్టుకు సబ్బుపొడి తగలనివ్వొద్దు. కుంకుడుకాయ రసం కలిపిన చల్లనీళ్లలో ముంచి, పిండకుండా నీడన ఆరేయండి. కలరా ఉండల వాసనకు భయపడకండి. నాలుగు రోజులు గాలికి వేలాడదీస్తే పోతుంది.

9. పాతదని చెప్పండి, పసుపు పెట్టండి

ఎవరు కట్టి విడిచారో తెలియని బట్ట ఒంటికి చుట్టుకోవడమేంటని ఇంట్లో అంటారు. రైల్లో ఏసీ బోగీలో ఇచ్చే దుప్పటి ఎవరు కప్పుకున్నారో మనం అడగం. ఉతికారా లేదా అన్నదే చూస్తాం. అమెరికాలో చదువుకునే మన పిల్లలు చలికోటు కోసం పాత బట్టలు అమ్మే గుడ్‌విల్ దుకాణాలకు వెళ్తే ఇక్కడ ఎవరూ నామోషీ పడరు. అదే పని ఎర్రగడ్డలో చేస్తే నామోషీ ఎందుకు?

పాత బట్టను పారేయొద్దన్న మాట ముఖ్యంగా మనకే తగులుతుంది. ఆదిలాబాద్, వరంగల్, గుంటూరు నేలల్లో పత్తి పండించే జనం మనం. ఒక్క కాటన్ టీషర్టుకు సరిపడా పత్తి పండించి తయారుచేయడానికి దాదాపు 2,700 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయని అంచనా. అలాంటి గుడ్డను రెండుసార్లు తొడిగి పారేయడం మన రైతును మనమే చిన్నబుచ్చడం.

అందుకే దాచకండి. ఎక్కడిదని అడిగితే పాతదని, ఫలానా సంతలో ఏరానని, ఫలానా దర్జీ కుట్టాడని చెప్పండి. సంక్రాంతికి, ఉగాదికి కూడా కొత్తవి కొనకండి. కొత్త బట్టకు పసుపు పెట్టి తొడుక్కుంటాం కదా, మీ కొలతకు కుట్టించుకున్న ఈ గుడ్డకు కూడా అంచున పసుపు పెట్టి తొడుక్కోండి. మీ ఒంటికి అది కొత్తదే.

ఈ ఆదివారం ముందు మీ బీరువా తెరవండి, తర్వాత పిన్నిగారికి ఫోన్ చేయండి. అప్పటికీ కావాల్సింది దొరక్కపోతేనే సంతకు వెళ్లండి. వెళ్లినప్పుడు మాత్రం మీ సైజు ఎంతో ఇంట్లోనే మర్చిపోయి వెళ్లండి.