మేకు లేని చెక్క

బోధన్ పాత ఊళ్ళో నన్ను రెహల్ అన్నారు. షక్కర్‌నగర్ క్వార్టర్లలో వ్యాసపీఠం అన్నారు. ఇప్పుడున్న ఇంట్లో బైబిలు బల్ల అంటున్నారు. ఏ పేరు పెట్టి పిలిచినా నేను చేసే పని ఒక్కటే. రెండు రెక్కలు విప్పుకుని నేల మీద నిలబడతాను, నా ఒళ్ళో పుస్తకం తెరుస్తారు, ఎదురుగా ఒక పిల్లవాడు కూర్చుంటాడు.

నేను పుట్టింది 1974లో, చెరుకు సీజన్లో. చక్కెర ఫ్యాక్టరీ గేటు దాకా ఎడ్లబండ్ల బారు, ఊరంతా మొలాసిస్ వాసన. 1937లో నిజాం కాలంలో పెట్టిన ఆ ఫ్యాక్టరీని ఆసియాలోనే పెద్దదని మా వాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు. గేటుకు కాస్త దూరంలో ఒక వడ్లాయన టేకు పలక ఒకటి తీసుకుని చిత్రిక పట్టాడు. మూర పొడుగు, జానెడు వెడల్పు, బొటనవేలంత మందం. నడుమ కొంచెం కిందికి గీత గీసి, రెండు చేతుల వేళ్ళు ఒకదానిలో ఒకటి జొప్పించినట్టు గుర్తులు పెట్టాడు. ఆ వేళ్ళను ఉలితో ఓపిగ్గా తొలిచాడు. తర్వాత పలకను నిలబెట్టి, మందాన్ని రెండుగా చీలుస్తూ పైనుంచి గీత దాకా ఒకసారి, కిందినుంచి గీత దాకా ఒకసారి రంపం దింపాడు. చివరి పొట్టు రాలాక మెల్లగా విప్పాడు. ఒక్క పలక రెండు పలకలై కత్తెరలా నిలబడింది. మేకు లేదు, బందు లేదు, జిగురు లేదు. రెండు రెక్కలనూ విడదీద్దామంటే విరగ్గొట్టాలి తప్ప వేరే దారి లేదు.

నన్ను చేయించుకున్నది ఖురాన్ కంఠస్థం వచ్చిన ఒక హాఫిజ్ సాబ్. తెల్లవారి ఫజర్ నమాజు అయ్యాక, పిల్లలు సర్కారు బడికి పోయే లోపల, తన ఇంటి అరుగు మీద వాళ్ళకు చదువు చెప్పేవాడు. ముందు ఖాయిదా. అక్షరాలు, జేర్, జబర్, పేష్. తర్వాత పారా. ఖురాన్ మొత్తం ముప్ఫై పారాలు, 114 సూరాలు. కంఠస్థం చేసే పిల్లవాడికి రోజూ మూడు పనులుండేవి. కొత్తగా పట్టేది సబఖ్. ఈ మధ్య పట్టినది మళ్ళీ అప్పజెప్పేది సబఖ్ పారా. ఎప్పుడో వచ్చినది మరిచిపోకుండా తిప్పేది ఆమోఖ్తా. పిల్లలు ముందుకీ వెనక్కీ ఊగుతూ చదువుతుంటే ఆ ఊపు నా కాళ్ళ దాకా తెలిసేది. ఒక పిల్ల తన పారాలో గుర్తుకోసం నెమలీక పెట్టుకునేది. వీధి అవతల తెలుగు వాచకంలో నెమలీక దాచి, అది పిల్లలు పెడుతుందని రోజూ తెరిచి చూసుకునే పిల్లకు ఈ పిల్లే స్నేహితురాలు. ఇద్దరూ ఒకే ఈకను రెండుగా చీల్చుకున్నారని నాకు తెలుసు.

హాఫిజ్ సాబ్ గురువు హైదరాబాద్ జామియా నిజామియాలో చదివినవాడు. దాన్ని 1870లలో నెలకొల్పిన అన్వారుల్లా ఫారూఖీ మనకు పరాయివాడు కాదు, మంజీరా అవతల నాందేడ్ వైపు కాంధార్‌లో పుట్టినవాడు. మదర్సాల్లో చెప్పే పాత పాఠ్యక్రమాన్ని దర్స్-ఎ-నిజామీ అంటారు. నిజామాబాద్ జిల్లాలో ఉండి ఆ మాట వింటే మన నిజాం పేరే అనుకుంటారు. అది పద్దెనిమిదో శతాబ్దపు లక్నో పండితుడు ముల్లా నిజాముద్దీన్ పేరు. అందులో తర్కం ఉండేది, లెక్కలు ఉండేవి, యూక్లిడ్ జ్యామితి ఉండేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

సాయంత్రాలు అదే అరుగు మీదికి ఫ్యాక్టరీలో చెరుకు సెక్షన్ గుమాస్తా ఒకాయన వచ్చేవాడు. ఆయన రామాలయంలో పిల్లలకు గీతా శ్లోకాలు నేర్పేవాడు కాబట్టి అందరూ పంతులుగారనేవారు. నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో చదివినవాడు. హాఫిజ్ సాబ్ కన్నా ఆయన ఉర్దూ దస్తూరీ గుండ్రంగా ఉండేది. ఒకరోజు అరుగు మీద పాఠం జరుగుతుంటే కూర్చుని విన్నాడు. ఒక పిల్లవాడు క్వాఫ్‌ను కాఫ్‌లాగా పలికాడు. నాలుక మొదలు కొండనాలుకను తాకాలని హాఫిజ్ సాబ్ నోరు తెరిచి చూపించాడు. ఆ తర్వాత ఒక దీర్ఘం దగ్గర ఆపి, వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టించాడు.

"ఏంది సాబ్, వేళ్ళు ముడుస్తున్నరు?" అని అడిగాడు పంతులు.

"గుంజుడు లెక్క పంతులుగారూ. కొన్ని తావుల రెండు, కొన్ని తావుల నాలుగు, కొన్ని తావుల ఆరు. తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే."

"మాది గూడ గంతే సాబ్. హ్రస్వం ఒక మాత్ర, దీర్ఘం రెండు, ప్లుతం మూడు. మా శిక్షావల్లిల మొదాలే మాత్ర మాట వస్తది."

ఇద్దరూ చీకటి పడేదాకా వేళ్ళు ముడుచుకుంటూ కూర్చున్నారు. నా ఏభై ఏళ్ళలో నేను చూసిన అందమైన సాయంత్రం అదే.

ఇంకో సాయంత్రం పంతులు బావరి కథ చెప్పాడు. బోధన్ పాత పేరు పోదన. అస్సక జనపదానికి రాజధాని ఇదేనని చాలామంది చరిత్రకారులు అంటారు. జైనులకు ఇది బాహుబలి ఏలిన పౌదనపురం. బౌద్ధుల సుత్తనిపాతంలో అస్సక రాజ్యంలో గోదావరి ఒడ్డున ఆశ్రమం పెట్టుకున్న ముసలి బ్రాహ్మణ గురువు బావరి ఉన్నాడు. ఆయనకో సందేహం వచ్చింది, తనకు జవాబు తెలియలేదు. బుద్ధుడనే వాడు ఉన్నాడని విని, తన పదహారుగురు శిష్యులనూ ప్రశ్నలు ఇచ్చి ఉత్తరాదికి పంపాడు. వాళ్ళు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని మీదుగా మగధ దాకా నడిచిపోయారు. పింగియుడు అనే శిష్యుడు తిరిగి వచ్చి విన్నదంతా గురువుకు చెప్పాడు. "గురువంటే గాయనే సాబ్. నాకు తెల్వదు, ఫలానాయనకు తెలుసు, పోయి అడగమన్నడు" అన్నాడు పంతులు. ఈ నేలలో మతం చదువు గురించి నేను విన్న కథల్లో అంతకన్నా పాతది లేదు, అంతకన్నా గొప్పదీ లేదు.

తొంభైల చివర్లో హాఫిజ్ సాబ్ పోయాడు. కొడుకు దుబాయిలో ఉన్నాడు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఖురాన్‌ను పట్టుగుడ్డలో చుట్టి వెంట తీసుకుపోయారు. నన్ను మాత్రం పంతులుగారి చేతిలో పెట్టి, "అబ్బా మీకే ఇయ్యుమన్నరు చిచ్చా" అన్నాడు కొడుకు. అలా వ్యాసపీఠాన్నయ్యాను. నా ఒళ్ళోకి పోతన భాగవతం వచ్చింది. రెహల్ అంటే అరబీలో ఒంటె జీను అని హాఫిజ్ సాబ్ చెప్పేవాడు. ఎడారి నుంచి వచ్చిన పేరు, తెలంగాణ టేకు, పోతన పద్యం. నాకు ఇందులో ఏదీ బరువు అనిపించలేదు.

పంతులు మనవణ్ణి గోదావరి ఒడ్డున ఒక వేదపాఠశాలలో చేర్చినప్పుడు నన్నూ వెంట పంపారు. అక్కడి ఘనపాఠి నన్ను చూసి, "ఇక్కడ పుస్తకం తెరవం నాయనా, గూట్లో పెట్టు" అన్నారు. రాసింది చూసి చదివేవాణ్ణి పాణినీయ శిక్ష అధమ పాఠకుల్లో లెక్కగట్టింది. మళ్ళీ ఇంటికి చేరేలోపు ఏడాది గూట్లో ఉండి విన్నాను. గురువు ఒకసారి పలుకుతారు, పిల్లలు రెండుసార్లు పలుకుతారు. దాన్ని సంత అంటారు. తర్వాత వల్లె వేయడం. తైత్తిరీయాన్ని పనసలుగా కొలుస్తారు, పనసకు ఏభై పదాలు. సంహిత వచ్చాక పదం, క్రమం, జట, ఘనం. గూట్లో నాకు హాఫిజ్ సాబ్ ఇల్లు గుర్తొచ్చేది. ఖురాన్ కూడా మొదట మనుషుల గుండెల్లోనే ఉండేది. 633 ప్రాంతంలో యమామా యుద్ధంలో కంఠస్థం వచ్చినవాళ్ళు చాలామంది చనిపోతే, అది పోతుందేమోనన్న భయంతో అబూబకర్ ఒకచోట రాయించాడు. పుస్తకం చెవి తర్వాతే వచ్చింది, నేను పుస్తకం తర్వాత వచ్చాను.

మా తెలుగు యజుర్వేదుల్లో ఎక్కువమంది ఆపస్తంబ సూత్రం వాళ్ళు. ఆపస్తంబుడి పేరు మీద శుల్బసూత్రాలున్నాయి. తాడుతో కొలిచి యజ్ఞవేదికలు కట్టే జ్యామితి అది. యూక్లిడ్ సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. లెక్క నేర్పకుండా పిల్లవాణ్ణి పంపే ఆచారం మదర్సాదీ కాదు, వేదపాఠశాలదీ కాదు.

2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతబడింది. క్వార్టర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. మరుసటి ఏడాది పంతులుగారు కన్నుమూశారు. కోడలు హైదరాబాద్ వెళ్తూ పక్కింటి టీచరమ్మకు నన్ను ఇచ్చింది. టీచరమ్మ చర్చిలో సండే స్కూలు, మేలో సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.) నడుపుతుంది. వచ్చే పిల్లల్లో చాలామంది తల్లులు బీడీలు చుట్టేవాళ్ళు. పిల్లలు కంఠత వాక్యం అప్పజెప్పాలి, అధ్యాయం, వచనం సంఖ్యతో సహా. మళ్ళీ కంఠమే. ఆమె చెప్పే సంగతి ఒకటి నాకు ఇష్టం. 1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూలు మొదలుపెట్టింది వారమంతా కూలికి పోయే పిల్లలకు అక్షరాలు నేర్పడానికి. ఇంకోటి, డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి. 1915లో మొదలైన దాన్ని నడిపించిన డాక్టర్ ఇసబెల్ కెర్ వెస్లియన్ మిషనరీ, కట్టడానికి ధనమిచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. ఈ మాట చెప్పేటప్పుడు టీచరమ్మ నా మీద చెయ్యి ఆనించి నిలబడుతుంది.

నా కుడి రెక్క మీద ఒక మచ్చ ఉంది. ఒక పిల్లవాడు పాఠం తప్పాడు. గురువు లేని వేళ పాఠం చూస్తున్నవాడు బెత్తంతో అరచేతుల మీద కొట్టాడు. చేతులు ఉబ్బి, పిల్లవాడు నా మీద వాలి ఏడ్చాడు. తడి చెక్కలోకి ఇంకింది. ఎన్నిసార్లు తుడిచినా పోలేదు. అది ఏ బడిలో జరిగిందో చెప్పను. చెబితే మిగతా రెండు బడుల వాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, అది నాకు ఇష్టం లేదు. ఆ పిల్లవాడు మరునాటి నుంచి రాలేదు.

2009 విద్యాహక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. 2012 సవరణలో మదర్సాలకు, వేదపాఠశాలలకు, ప్రధానంగా మతవిద్య చెప్పే సంస్థలకు ఆ చట్టం వర్తించదని రాశారు. స్వేచ్ఛ కోసం అడిగారు, ఇచ్చారు. మంచిదే. కానీ అక్కడే ఉండి చదివే పిల్లవాడికి లెక్కలు వచ్చాయా, దెబ్బలు తగిలాయా అన్నది అడగాల్సిన బాధ్యత ఇప్పుడు తల్లిదండ్రులదీ, ఆ గురువులదీ. హాఫిజ్ సాబ్ తన పిల్లలను ఎనిమిదిన్నరకల్లా సర్కారు బడికి తరిమేవాడు. ఆ ఘనపాఠి మధ్యాహ్నం లెక్కలు చెప్పడానికి బయటినుంచి మాస్టారును పిలిపించేవారు. టీచరమ్మ వాక్యం తర్వాత ఎక్కాలు అప్పజెప్పించుకుంటుంది. వీళ్ళెవరికీ చట్టం చెప్పలేదు.

మీ పిల్లను అరుగు బడికి పంపండి, పాఠశాలకు పంపండి, చర్చికి పంపండి. పంపిన చోటికి ఒకరోజు చెప్పకుండా వెళ్ళి, వెనక వరసలో కూర్చుని ఒక పాఠం మొత్తం వినండి. ఇంటికి తెచ్చాక అరచేతులు చూడండి. పదమూడో ఎక్కం అడగండి.