ఇంగ్లీషులో తొక్కిన సైకిల్

జీడిమెట్లలో రోజూ పొద్దున్నే చెరువు గట్టు మీద సైకిల్ తొక్కుతానని చాలాకాలం ఇంగ్లీషులో చెప్పుకుంటూ తిరిగాను. తెలుగులో చెప్పే ధైర్యం మాత్రం లేదు. షాపూర్‌నగర్‌లో ఎవరి చెవినైనా పడితే ముందు ఏ చెరువని అడుగుతారు, తర్వాత సైకిలేదని అడుగుతారు, ఆ తర్వాత ఈయన పొద్దున్నే లేస్తాడా అని మా ఆవిడను అడుగుతారు.

ఇదంతా ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష పుణ్యం. కెనడా వలసకు దారైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్లు గట్టిగా పడాలంటే భాషలో సీఎల్‌బీ 9 స్థాయి రావాలి. అంటే వినడంలో 8, చదవడంలో, రాయడంలో, మాట్లాడడంలో తలా 7. మొదటి మూడూ ఎలాగోలా గట్టెక్కేలా ఉన్నాయి, మాట్లాడడం దగ్గరే మొరాయించాను. ఇన్నేళ్లు హైటెక్ సిటీలో ఉద్యోగం చేసి ఇంగ్లీషు మాట్లాడలేవా అని బంధువులు నోరెళ్లబెట్టారు. వాళ్లకేం తెలుసు, రోజంతా కాల్స్‌లో నేననేది మొత్తం పిండితే వచ్చేవి మూడే ముక్కలు: నా స్క్రీన్ కనిపిస్తోందా, మీరు మ్యూట్‌లో ఉన్నారు, చెక్ చేసి చెప్తాను. వీటికి 7 ఎవడిస్తాడు?

మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా ఒక ఎగ్జామినర్, బల్ల మీద రికార్డరు. మొదటి భాగంలో ఇల్లూ ఊరూ, అలవాట్ల గురించి చిన్నచిన్న ప్రశ్నలు. రెండోదాంట్లో ఒక కార్డు చేతికిచ్చి, నిమిషం ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల దాకా మాట్లాడనిస్తారు. మూడోది చర్చ. ప్రశ్నలు జనవరి, మే, సెప్టెంబరుల్లో మారతాయన్నది కోచింగ్ లోకంలో అందరూ అనేమాట. మారడమే ఆలస్యం, వాట్సాప్‌లో పీడీఎఫ్ దిగిపోతుంది, జవాబులతో సహా. ఆ విడత పీడీఎఫ్‌లో సైకిల్ ఉంది. చిన్నప్పుడు మీకు సైకిల్ ఉండేదా? మీ ఊళ్లో సైకిల్ తొక్కేవాళ్లు ఎక్కువేనా?

జవాబులు చూస్తే ముచ్చటేసింది. ప్రతిదీ ‘టు బీ ఆనెస్ట్’ అని మొదలవుతుంది, దాని తర్వాత నిజమన్నది కలికానికి కూడా దొరకదు. ఏడో పుట్టినరోజుకి అమ్మానాన్నా ఎర్ర సైకిల్ కొనిచ్చారట. పార్కులో తొక్కుతుంటే ముఖానికి చల్లగాలి తగిలేదట. నెదర్లాండ్స్‌లో మనుషులకన్నా సైకిళ్లే ఎక్కువట, కాబట్టి ప్రభుత్వాలు సైకిళ్లకు ప్రత్యేక దారులు వేయాలట. పొల్లుపోకుండా బట్టీ పట్టాను. అందులో నా సొంత కృషి ఒక్కటే, పార్కు తీసేసి ఫాక్స్‌సాగర్ పెట్టాను. 1897 నాటి చెరువు, పేరు కూడా ఇంగ్లీషులోనే ఉంది, ఎగ్జామినర్ వచ్చి గట్టు చూస్తాడా ఏంటి?

సాధన ఎక్కడంటే, బండి మీద. షాపూర్‌నగర్ నుంచి చింతల్, ఐడీపీఎల్, బాలానగర్ మీదుగా వెళ్లి 2022లో తెరిచిన కైతలాపూర్ ఫ్లైఓవర్ ఎక్కితే హైటెక్ సిటీ. హెల్మెట్ లోపల ఎంత గట్టిగా వల్లించినా ఎవరికీ వినపడదనుకునేవాణ్ణి. సిగ్నల్ పడినప్పుడు ఇంజిన్లు ఆపేస్తారని ఆ పారవశ్యంలో గుర్తుండేది కాదు. ఓసారి బాలానగర్‌లో సైకిల్ వల్ల వాతావరణం ఎలా బాగుపడుతుందో ఘంటాపథంగా చెప్తున్నాను. పక్కన ఆటో ఆయన తల బయటపెట్టి, ‘అన్నా, ఎవరితోనన్న లొల్లా?’ అన్నాడు. లైను కట్ చేస్తున్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నటించాను. చెవిలో ఏమీ లేదు.

అంతటితో ఊరుకున్నా పోయేది. జవాబులో కాస్తయినా నిజం ఉంటే గొంతులో నమ్మకం పలుకుతుందని ఎక్కడో విన్నాను. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023 అక్టోబరులో తెరిచింది. ఆఫీసులో ఒకాయన ప్రతి ఆదివారం అక్కడ తొక్కుతాడు. ఆయన రెండో సైకిల్ అడిగి, సైకిల్ తొక్కడం కోసం జీడిమెట్ల నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పెట్రోలు పోసుకుని వెళ్లాను. అది గేర్ల సైకిల్. హ్యాండిల్‌కి ఎడమ పక్కా కుడి పక్కా మీటలు. ఏది నొక్కితే ఏమవుతుందో అర్థంకాక, తేలికవుతుందనుకుని నొక్కాను, ఎడ్లబండి లాగినంత బరువెక్కింది. అడగడానికి నామోషీ. సోలార్ కప్పు కింద చల్లగా పోవాల్సిన దారిలో చెమటలు కక్కుతూ పోతుంటే ఒక పెద్దాయన, డెబ్బై ఏళ్లుంటాయేమో, గంట కొట్టి మరీ దాటుకుపోయాడు. ఇంటికొచ్చి మంచమెక్కాను. జవాబులో మాత్రం ఒక వాక్యం పెరిగింది: వారాంతాల్లో వరల్డ్ క్లాస్ ట్రాక్ మీద తొక్కుతాను.

సాయంత్రాలు మా ఆవిడ పీడీఎఫ్ చూసి ప్రశ్నలడిగేది, నేను వల్లించేవాణ్ణి. ఒకరోజు మా బాపు గుమ్మంలో కూర్చుని వింటున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ ‘సైకిల్’ అన్నమాట పట్టుకున్నాడు.

‘ఏంరా, సైకిల్ ముచ్చటనా? మన అట్లాసు సంగతి చెప్పినవా?’

‘గది పనికిరాదు బాపూ. పరీక్షల వేరే అడుగుతరు.’

ఇలా అన్నందుకు నన్ను ఏమన్నా తక్కువే.

బాపు ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. షిఫ్టులన్నీ ఆ నల్ల అట్లాసు మీదే. వెనక క్యారేజీ స్ప్రింగు కింద టిఫిన్ డబ్బా, పప్పు కారి గుడ్డసంచికి ఎప్పుడూ పసుపు మరక. రాత్రి షిఫ్టుకి పోతుంటే డైనమో చక్రానికి రాసుకుని గీ మని అరుస్తూ పోయేది. తొక్కినంతసేపే లైటు, ఆగితే చీకటి. నాకు నేర్పింది కూడా దాని మీదే. మామూలు రోజుల్లో లారీలతో కిటకిటలాడే ఫేజ్ రోడ్లు ఆదివారం ఖాళీగా పడుంటాయి. సీటు అందదు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి కత్తెర తొక్కుడు. బాపు క్యారేజీ పట్టుకుని వెనక పరుగెత్తేవాడు, వదిలేసి కూడా ‘పట్టుకున్న, పట్టుకున్న’ అని అరిచేవాడు. నేను నేరుగా నాలాలోకి పోయాను. ఆ రోజుల్లో ఫ్యాక్టరీల పక్కన నాలా అంటే మామూలు మురుగు కాదు, రంగూ వాసనా రెండూ మందులవే. చైను పడిపోయింది. బాపు నన్ను కడగలేదు, ముందు చైను ఎక్కించాడు. పెడల్ వెనక్కి తిప్పుతూ ఒక్కో పన్నుకీ ఒక్కో కొక్కెం తగిలిస్తుంటే వేళ్లకు అంటిన నల్ల గ్రీజు కిరసనాయిలుతో రుద్దినా వారంపాటు పోలేదు. మా అమ్మ ఇద్దర్నీ లోపలికి రానివ్వలేదు.

ఇంత సరుకు ఇంట్లో పెట్టుకుని నేను ఎర్ర సైకిల్ బట్టీ పట్టాను! ఎందుకంటే పీడీఎఫ్‌లో నాలా లేదు. ఆమాటకొస్తే మీ ఊళ్లో సైకిల్‌కి ఆదరణ ఉందా అన్న ప్రశ్నకు తెలుగువాడు నెదర్లాండ్స్ దాకా పోవాలా? 1983లో సైకిల్ గుర్తు మీద ఎన్టీ రామారావు రాష్ట్రాన్నే గెలుచుకున్నాడు. 1989లో ‘శివ’లో నాగార్జున చైను తెంపాక కాలేజీల్లో సైకిల్‌ని చూసే చూపే మారిపోయింది. ఐఈఎల్‌టీఎస్ మొదలైంది కూడా అదే 1989లో. ఈ రెండు ముక్కలు చెప్పినా ఎగ్జామినర్ కుర్చీలో ముందుకు జరిగేవాడు.

పరీక్షలో సైకిల్ నిజంగానే వచ్చింది. నా రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. మొదటి భాగంలో రెండు మూడు వాక్యాలు చెప్తే సరిపోతుందని మరచిపోయి పుట్టినరోజు నుంచి ఎత్తుకున్నాను. చల్లగాలి దాకా రాగానే ఆయన మర్యాదగా ఆపి, పీడీఎఫ్‌లో లేని ప్రశ్న అడిగాడు: సైకిల్ తొక్కడం నీకెవరు నేర్పారు?

ఇంతకన్నా తేలిక ప్రశ్న భూమ్మీద ఉండదు. ‘మై ఫాదర్’ అంటే అయిపోయేది. కానీ ఆగిన టేపు మళ్లీ తిరగాలంటే ఆగినచోటినుంచే తిరుగుతుంది. నోరు తెరిచాను. ‘టు బీ ఆనెస్ట్, ద గవర్నమెంట్...’ అని వచ్చింది.

ఆయన కనుబొమలు లేచాయి. ‘ప్రభుత్వమా నేర్పింది?’

వెనక్కి తగ్గితే ధారాళతకు మార్కులు పోతాయని భయం. ‘యెస్’ అన్నాను. పైగా ‘తెలంగాణ గవర్నమెంట్’ అని వివరం కూడా జోడించాను. నేను కత్తెర తొక్కుడు తొక్కేనాటికి తెలంగాణ రాష్ట్రమే లేదు. అదంతా ఆ రికార్డరులో భద్రంగా ఉంది.

5.5 వచ్చింది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, నాలుగింటికీ సమాన వాటా అని, ఏ బ్యాండుకి ఏం ఉండాలో వాళ్లే పట్టిక వేసి జనానికి ఉచితంగా ఇస్తారు. బట్టీపట్టినట్టున్న మాటల ప్రస్తావన అందులో కింది బ్యాండ్లలోనే ఉంది. ఆ పట్టిక ఫలితం వచ్చాక చదివాను. బాపు ఎన్నొచ్చినయ్ అనడిగితే సగం పైనే అన్నాను. ‘మరింకేంది, పాసే గదా’ అని సంబరపడ్డాడు. ఆయనకు తొమ్మిదికి 7 లెక్క విప్పి చెప్పడానికి మనసొప్పలేదు.

మళ్లీ ఫీజు కట్టాను. కొత్త పీడీఎఫ్ వచ్చింది, ఈసారి వంట. సెలవు రోజుల్లో ఇంటిల్లిపాదికీ నేనే వండిపెడతానని మొదలుపెట్టి రెండు వాక్యాలు చదివానో లేదో, మా ఆవిడ ఫోను లాక్కుంది.

‘ఉల్లిగడ్డలు ఏ డబ్బాల ఉంటయో చెప్పు ముందుగాల. తెలుగులనే చెప్పు.’

ఇంకా వెతుకుతున్నాను.