ఏడో అధ్యాయం

నేను పద్నాలుగు అరఠావుల కాగితాన్ని. ఎడమ మూలన తుప్పుపట్టిన గుండుసూది, మొదటి పేజీ నెత్తిన ఏడు అంకె, దాని మీదుగా ఏటవాలుగా ఒక పెద్ద గీత. నేనుండాల్సిన నవల అచ్చయింది. అందులో ఏడో అధ్యాయం ఉంది గానీ అది నేను కాదు. ఒకప్పుడు ఎనిమిదోది అనిపించుకున్నదే ఇప్పుడు నా అంకె పెట్టుకుని కూర్చుంది.

నన్ను రాసినాయన చీరాల వైపు చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. మోటుపల్లి అక్కడికి దగ్గరే. కాకతీయుల నాడు అది దేశాంతరాల ఓడలు వచ్చిన రేవు. గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అక్కడి వీరభద్రాలయం దగ్గర ఉంది. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా వెనకటి రాజులు లాగేసుకునేవాళ్లట. ఆ పద్ధతి ఇక చెల్లదు, సుంకం కట్టి మీ సొమ్ము మీరు పట్టుకుపోండి అని సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట అది. ఆ రాయి చూసి వచ్చిన రాత్రే మాస్టారు నన్ను మొదలుపెట్టారు. రుద్రమదేవి చనిపోయిందన్న కబురు మోటుపల్లి రేవుకు చేరే రోజు నా కథ.

నా మొదటి రూపం చదివితే నాకే సిగ్గేస్తుంది. ఓడ సరంగు భుజాన తువ్వాలు వేసుకుని, పచ్చిమిరపకాయ నంజుకుంటూ చద్దన్నం తింటున్నాడు. వర్తకుడు చొక్కా బొత్తాం పెట్టుకుంటూ, "అయిదు నిమిషాల్లో వస్తాను, జవాబు తయారుగా ఉంచు" అన్నాడు. ఆ పూట మాస్టారు దాన్ని పైకి చదువుకుని మురిసిపోయారు కూడా.

మొదటి శ్రోత అక్కయ్యగారు. చూపు మందగించింది కాబట్టి తమ్ముడు చదివితే వినేవారు. బాపిరాజు 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి 'రుద్రమదేవి', విశ్వనాథ 'ఏకవీర' వయసులో ఉండగా పోటీలు పడి చదివిన మనిషి. నేను అయిపోయాక కాసేపు ఊరుకుని, "బాగుందిరా అబ్బాయ్, సరంగుకి గడ్డపెరుగు కూడా పెట్టాల్సింది" అన్నారు. మిరపకాయ సంగతి ఆవిడకీ తట్టలేదు. తినేవాళ్లకు తిండి ఎప్పటినుంచో ఉన్నట్టే ఉంటుంది మరి.

తట్టింది విజయవాడలో ఎడిటరమ్మకు. మిరపకాయ చుట్టూ సున్నా చుట్టి పక్కన రాసింది: "మాస్టారూ, ఇది పోర్చుగీసు ఓడల వెంట వచ్చింది. 1498లో వాస్కో డ గామా దిగాక గదా! మీ సరంగుని ఇంకో రెండొందల ఏళ్లు ఆగమనండి." ఆ సున్నాతో మొదలైంది నా అవస్థ. తువ్వాలు పోర్చుగీసు, బొత్తాం పోర్చుగీసు. సరంగు అన్న మాటే పారసీకం. జవాబు, తయారు కూడా ఆ దారిన వచ్చినవే. నిమిషాలు పోయి ఘడియలు వచ్చాయి. ఘడియంటే ఇరవై నాలుగు నిమిషాలు కాబట్టి వర్తకుడు చెప్పిన అయిదు నిమిషాలు ఏం చెయ్యాలో తెలియక, "ఇప్పుడే వస్తాను" అని సరిపెట్టారు. పచ్చిమిరపకాయ చోట మిరియాల చారు వచ్చింది. మిరియాలకైతే శాసనంలోనే సుంకం ఉంది, ఎవరూ వంక పెట్టలేరు.

అసలు 'కాగితం' అన్న మాట కూడా పారసీకం నుంచి వచ్చిందే. తాటాకు మీద గంటంతో రాసే కాలం గురించి నా వంటిమీద బాల్‌పెన్నుతో రాస్తున్నారు, ఆ ఎడిటరమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు నన్ను వదిలేసింది.

నిజంగా వాత పడింది మాత్రం వేరే చోట. నాలో ఒక సుంకరి ఉన్నాడు, రేవులో లెక్కలు రాసేవాడు. "ఆడది ఏలకూడదని ఏ శాస్త్రం చెప్పింది? స్త్రీ పురుషులు సమానం కారా?" అని వర్తకుడితో వాదించి పేజీన్నర ఉపన్యాసం ఇచ్చాడు. ఎడిటరమ్మ మార్జిన్‌లో ఒక్క ముక్క రాసింది: "ఈయన ఏ కాలేజీలో చదివాడు?" మాస్టారికి కోపం వచ్చి ఫోన్ చేశారు. ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. "మాట తప్పయితే మార్చుకుంటాం. ఇక్కడ మనిషే మన కాలం నుంచి వెళ్లాడు. ఆవిణ్ణి శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో రాశారు కదండీ. రోజూ ఆ పేరే రాసే గుమస్తాకి అది వాదించాల్సిన సంగతా?" మాస్టారు ఫోన్ పెట్టేసి గుమస్తా కూడా పారసీకమేనని గొణుక్కున్నారు గానీ, ఉపన్యాసం కొట్టేశారు.

ఇంక మార్కోపోలో. నాలో అందరికన్నా అందంగా కుదిరినవాడు ఆయనే. ఓడ దిగి, సాలెగూడంత పల్చని బట్ట వేళ్ల మధ్య పట్టుకుని నిలబడిపోతాడు. ఆయన పుస్తకంలో 'ముత్ఫిలి' అన్నది మోటుపల్లేననీ, అక్కడి బట్టల్నీ వజ్రాల్నీ ఏలే రాణినీ మెచ్చుకున్నాడనీ చరిత్ర చదివినవాళ్లందరికీ తెలుసు. పాత పుస్తకాలు రుద్రమ ఏలుబడిని 1295 దాకా లాగాయి. మాస్టారు బీఎడ్ రోజుల్లో చదివింది అదే. ఎడిటరమ్మ చందుపట్ల శాసనం ముందు పెట్టింది. నల్లగొండ వైపు దొరికిన ఆ రాయి మీద రుద్రమదేవి, సేనాపతి మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని ఉంది. వాళ్ల పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే భటుడు దానమిచ్చిన కాలం 1289. పోలో చీనా నుంచి తిరుగుప్రయాణం కట్టింది 1292 ప్రాంతంలో, వెనిస్ చేరింది 1295లో. నా కథలో కబురు రేవుకు చేరేనాటికి ఆయన ఇటు రావడానికి లేదు. పైగా రాణి చనిపోయిన రాజుగారి భార్య అని రాసినవాడు ఆయన. రుద్రమ గణపతిదేవుడి కూతురని మన శాసనాలు చెబుతున్నాయి. ఆ కాలంవాడు రాసినంత మాత్రాన నిజమైపోదని అప్పుడే నాకు అర్థమైంది. నవలలు రాసినవాళ్లను మాత్రం తప్పుపట్టను. నోరి వారూ బాపిరాజుగారూ రాసేనాటికి ఆ రాయి ఎవరి కంటా పడలేదు.

పోలో వెళ్లిపోతే నాలో నాలుగు పేజీలు ఖాళీ అయ్యాయి. మాస్టారికి పంతం పట్టింది. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటం తెరిచి శాసనంలో ఉన్న సరుకులన్నీ నాలోకి దించారు: చందనం, కర్పూరం, పన్నీరు, ఏనుగుదంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, వక్కలు. సుంకం ముప్పైకి ఒకటి. సుంకరి తూస్తాడు, వర్తకుడు లెక్క పెడతాడు, సుంకరి మళ్లీ తూస్తాడు. మూడోసారి ఎడిటరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు నాలో ఒక్క తప్పు లేదు. వెతికి వెతికి ఆవిడకి ఒక్క సున్నా చుట్టే చోటు దొరకలేదు. లోపల పొంగిపోయాను.

అదే మాస్టారు అక్కయ్యగారికి చదివి వినిపించారు. మూడో పేజీ దగ్గర ఆవిడ కునికారు. ఆయన ఆగగానే లేచి, "ఏరా, పచారీ కొట్టు చిట్టా చదువుతున్నావా? ఆ తల్లి పోయిందన్నావు, ఆ కబురేదీ?" అన్నారు. మాస్టారు ఏమీ అనలేదు. మర్నాడు ఎడిటరమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. అందులోనూ ఇంచుమించు అదే మాట, కాస్త మర్యాదగా.

గీత గీసింది ఆవిడ కాదు, మాస్టారే. గీసేటప్పుడు కళ్లజోడు తీసేసి గీశారు, సరిగా కనపడకూడదనేమో. గీశాక మళ్లీ కళ్లజోడు పెట్టుకుని పదకొండో పేజీ తీసి, ఒక్క వాక్యం వేరే కాగితం మీదికి ఎత్తి రాసుకున్నారు. సుంకరి ఎప్పటిలాగే 'శ్రీ రుద్రదేవ మహారాజులు' అని తాటాకు మీద మొదలుపెడతాడు, ఓరుగల్లు నుంచి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఉంటాడు, గంటం 'రు' దగ్గర ఆగిపోతుంది. అంతే. ఇప్పుడున్న ఏడో అధ్యాయంలో అది రెండో పేరాలో ఉంది. దాని చుట్టూ ఒక్క సరుకు పేరు కూడా లేదు.

పుస్తకం వచ్చాక నన్ను పారేద్దామని తీశారు. అక్కయ్యగారు పడనివ్వలేదు. చదవలేరు, అయినా ఉంచమన్నారు. ఆవిడ గదిలో అలమార పై అరలో, పాత తువ్వాల్లో చుట్టి పెట్టారు. అలమార కూడా పోర్చుగీసు మాటేనట.