దివాలాకీ ఓ హోదా ఉండాలి!

శ్రీకాకుళం, విజయనగరంలో అద్దె ఇల్లు కావాలంటే కులం, కూర, కుటుంబం చెప్పుకుంటే సరిపోయేది. ఇప్పుడు నాలుగో ప్రశ్న చేరింది: ‘‘ఏటి బాబూ, ఐపీ గానీ ఎట్టినావేటి?’’

ఆ ఐపీకి, అంటే కోర్టులో వేసే దివాలా పిటిషన్‌కి (ఇన్సాల్వెన్సీ పిటిషన్), ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 500 రూపాయల అప్పు తీర్చలేకపోయినా కోర్టుకెళ్లొచ్చు. ఆ డబ్బుకి ఇవాళ గ్యాస్ బండ కూడా రాదు! 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, కంపెనీ మునిగితేనే రాజమర్యాదలు: పరిష్కార నిపుణుడు, రుణదాతల కమిటీ, ‘హెయిర్‌కట్’ పేరుతో బాకీల కోత. కిరాణా కొట్టాయన మునిగితే మాత్రం పాత చట్టం, కొత్త అవమానం, ఆపై అద్దె ఇంటికి మూడు నెలల అడ్వాన్సు. రెండు నెలలకు మించొద్దని కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది. నమూనాయే కదా అని ఓనర్లు చూసి, మెచ్చుకుని, పక్కన పెట్టేశారు.

అసలు కిటుకు వాళ్లకు తెలీదు. కోర్టు దివాలా ప్రకటించాక పాత బాకీలవాళ్లు కోర్టు అనుమతి లేకుండా ఐపీ పెట్టినవాడి మీద దావా వేయలేరు. ఒకటో తారీఖున దర్జాగా చేయి చాచగలిగేది ఇంటి ఓనరొక్కడే! అంత భద్రమైన పార్టీని గేటు దగ్గరే తిప్పి పంపేస్తున్నారు. వీళ్లా వడ్డీ లెక్కల్లో ఆరితేరినోళ్లు?