బీజింగు జోస్యము

2025 జూలైలో పదవీచ్యుతుడైన షీ జిన్‌పింగ్ గారు అక్టోబరులో అర్ధప్రపంచాధిపతి యైనారట. రియోలో జరిగిన బ్రిక్స్ సభకు ఆయన పోకుండుట చూచి పతనము తథ్యమని ముహూర్తము పెట్టిన విశ్లేషకశిఖామణులే, బూసాన్‌లో ట్రంపుగారితో ఆయన కరచాలనము చేయుట చూచి, భూగోళమునకిక యజమానులిద్దరే యని 'జీ-2' మంత్రమును జపించుచున్నారు. నడుమ తమ జోస్యమేమైనదో చెప్పవలెనన్న బిడియము ఒక్కరికిని లేదు.

ఈ బిడియములేమి క్రొత్తది కాదు. 2022 సెప్టెంబరులో సమర్‌ఖండ్ నుండి మరలిన షీ గారు కొన్నాళ్లు కనబడనందున, సైన్యము ఆయనను గృహనిర్బంధమున ఉంచినదని మన చానళ్లు ఘోషించినవి. అక్టోబరులో ఆయన మూడవమారు పార్టీ ప్రధాన కార్యదర్శి యయ్యెను. మరుసటి మార్చిలో 2,952 వోట్లతో, ఒక్క వ్యతిరేక వోటైనను లేకుండ, దేశాధ్యక్షుడయ్యెను. గృహనిర్బంధము ఇంత అభ్యుదయకరమని తెలిసినచో మన నాయకులెందరో దానికై దరఖాస్తు పెట్టుకొనియుందురు.

షీ గారు తేనీరు త్రాగుటలో సైతము ఈ విశ్లేషకులకు రాజనీతి గోచరించును. పార్టీ మహాసభల ఛాయాచిత్రములలో తక్కిన పెద్దల యెదుట ఒక్కొక్క మూతకప్పును, ఆయన యెదుట రెండును ఉండుట నిజమే. ఆ రెండవ కప్పుపై ఒక రాత్రి జరిగిన చర్చను నా దురదృష్టముచేత తుదివరకు వింటిని. అది ఔషధమని, కావున ఆరోగ్యము క్షీణించినదని ఒకరు. కాదు, విషభీతిచే పెట్టుకొన్నదని వేరొకరు. ఒకటి పార్టీకిని, ఒకటి ప్రభుత్వమునకును సంకేతమని మూడవవారు.

అంతటితో ఆగిరా? పిడి ఏ దిక్కునకు తిరిగియున్నదను ప్రశ్న పుట్టినది. తైవాను దిక్కునకే యని తేలినది. పాపము, ఆయనకు దాహము వేసియుండునని మాత్రము ఎవరికిని తోపలేదు.

సుంకముల విషయమునను ఇదే తంతు: 2025 ఏప్రిలులో చైనా సరుకులపై సుంకమును 145 శాతమునకు ఎక్కించుటయు, మే నెలలో 30 శాతమునకు దించుటయు, రెండును వీరి శాస్త్రమున ట్రంపుగారి విజయమే.

అసలు చైనా సంగతి వీరికెవరు చెప్పిరి? 2020 మార్చిలో తన దేశమందలి చైనా ప్రభుత్వ వార్తాసంస్థల సిబ్బందిని అమెరికా నూరుగురికి కుదింపగా, చైనా మూడు పెద్ద అమెరికన్ పత్రికల విలేఖరులను వెడలగొట్టినది. 2023లో భారత చైనాలును వీసాలు నిరాకరించుకొని ఒండొరుల విలేఖరులను సాగనంపినవి. కోవిడ్ వేళ వూహాన్ ఆసుపత్రులకు పోయి కన్నది కన్నట్లు చూపిన ఝాంగ్ ఝాన్ అను స్త్రీకి, కలహములు రేపినదన్న నేరము మోపి, నాలుగేండ్ల కారాగారము విధించిరి. 2024 మేలో విడిచి, కొన్ని నెలలకే మరల పట్టుకొనిరి. చూచి చెప్పినవారు చెరసాలలో మగ్గుచుండ, చూడనివారు కప్పులు లెక్కించి పారితోషికము పుచ్చుకొనుచున్నారు. ఇది విశ్లేషణము కాదు, సిగ్గుమాలినతనము. ఇంతకును వీరి జోస్యమేమైనది? షీని సైన్యము పడద్రోయునని వీరు చెప్పుచుండగా, 2025 అక్టోబరు 17న హె వెయ్‌దుంగ్ మొదలుగా తొమ్మండ్రు సైన్యాధికారులను పార్టీ బహిష్కరించినట్లు చైనా రక్షణశాఖయే ప్రకటించెను.

చానళ్లవారికి నా విన్నపమొక్కటే: ఇకపై ఈ పండితులను కూర్చుండబెట్టినపుడు, పేరు క్రింద బిరుదములకు బదులు తప్పిన జోస్యములను తేదీలతో సహా వేయుడు.