చోరసూత్రానికి టీకా తాత్పర్యాలు

అవతారిక. మెకాలే దొర ఆధ్వర్యంలో మొదటి లా కమిషన్ 1837లో రాసి పెట్టిన ముసాయిదా, ఇరవై ఏళ్లకు పైగా దుమ్ము తిని, 1860లో శాసనమై, 1862 జనవరి 1 నుంచి భారత శిక్షాస్మృతిగా అమలుకు వచ్చింది. అందులో 378వ సెక్షన్ చోరసూత్రం. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక దీనికి 303 అనే నంబరు పడింది. సూత్రం మాత్రం దాదాపుగా మెకాలే నాటిదే. కోర్టు గుమాస్తాలకు తప్ప మరెవరికీ కంఠతా రాని ఈ సూత్రానికి ఇంతవరకు ఎవరూ వ్యాఖ్య రాయకపోవడం చూసి, పని లేనందువల్ల మేము పూనుకున్నాము.

మూలం (మా మాటల్లో). ఎవరైనా, ఒకరి స్వాధీనంలో ఉన్న చరాస్తిని, వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో తీసుకోదలచి, అందుకై దానిని కదిలించినచో, దొంగతనం చేసినట్టు.

ప్రతిపదార్థం. ఎవరైనా = ఏడేళ్లు నిండని పిల్లలు తప్ప ఎవరైనా సరే. వారు ఏం చేసినా నేరం కాదని ఇదే సంహితలో 20వ సెక్షన్. యశోద ఇంట వెన్న కేసు ఈ మొదటి పదం దగ్గరే వీగిపోతుంది. గోపికల చీరల కేసులో వయసు ధ్రువపత్రం చూడాలి. "తిరిగి ఇచ్చేశాడు కదా" అని వాదించేవారికి జవాబు కింద ఉంది.

చరాస్తిని = భూమి, భూమికి అంటుకుని ఉన్నవి తప్ప తక్కిన ఆస్తిని. కొమ్మన వేలాడే మామిడికాయ చెట్టు ద్వారా భూమిని పట్టుకుని ఉంది గనుక దొంగతనానికి అందదు. కోసిన క్షణాన అందుతుంది. కోయడమూ కదిలించడమూ ఒకే చేష్ట అయినా నేరమేనని సూత్రానికి వివరణ చేర్చారు గనుక, తొడిమ పుటుక్కుమనడంతోనే పని పూర్తి. ఇసుక కూడా ఇంతే. నదిగర్భంలో ఉన్నంతసేపు భూమి, ట్రాక్టరులో పడితే చరాస్తి. అనుమతి లేని ఇసుక తవ్వకానికి గనుల చట్టంతో పాటు ఈ సూత్రమూ వర్తిస్తుందని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. గోదావరి, కృష్ణ ఒడ్డువారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదువుకోగలరు.

విద్యుత్తు చరాస్తియా? కాదని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. తీగ మీద కొక్కెం వేసినవాడు విద్యుత్ చట్టం ప్రకారం దొంగ, ఈ సూత్రం ప్రకారం కాదు. ఇప్పుడతని సంగతి 2003 నాటి విద్యుత్ చట్టం 135వ సెక్షన్ చూసుకుంటుంది. ఇక్కడ ఒక పాఠభేదం ఉంది. పాత స్మృతిలో చరాస్తి అంటే చేతికి తగిలే రూపం ఉన్నదే. కొత్త సంహిత ఆ రూపం అనే షరతును తీసేసింది. కంప్యూటరులోని సమాచారాన్ని కూడా దొంగిలించవచ్చునా అన్న చర్చకు ఇలా తలుపు తెరిచారు. అయితే నకలు తీసుకున్నవాడు అసలును కదిలించలేదు కదా అన్న శంక అలాగే నిలిచి ఉంది. లేఖకుడు ఒక పదం కొట్టేస్తే వ్యాఖ్యాతలకు యాభై ఏళ్ల పని దొరుకుతుంది.

ఒకరి స్వాధీనంలో ఉన్న = సూత్రానికి ప్రాణం ఇదే. పాఠకులు మూలాన్ని మళ్లీ చదవండి. సొంతదారు అనే మాట ఎక్కడైనా ఉందా? లేదు. వస్తువు ఎవరిదని సూత్రం అడగదు, ఎవరి చేతిలోంచి పోయిందని అడుగుతుంది. అందుకే మన వస్తువును మనమే దొంగిలించవచ్చు. ఇది మా చమత్కారం కాదు, సూత్రకారుడే ఇచ్చిన ఉదాహరణ. ఒకడు తన గడియారాన్ని తాకట్టు పెట్టాడు. అప్పు తీర్చకుండా, అడగకుండా పట్టుకుపోయాడు. గడియారం అతనిదే, దొంగా అతనే. అదే మనిషి గడియారాన్ని బాగుచేయడానికి ఇచ్చి, కూలి బాకీ ఏమీ లేకుండా, దుకాణంలోకి దూరి అందరూ చూస్తుండగా బలవంతంగా లాక్కుపోతే? అక్రమ ప్రవేశం, దౌర్జన్యం అవుతాయి గాని దొంగతనం కాదు. కూలి బాకీ ఉండి, అందుకు హామీగా దుకాణదారు గడియారాన్ని ఉంచుకుంటే, అప్పుడు తీసుకుపోవడం దొంగతనం. ఒకే గడియారం, ఒకే మనిషి. మధ్యలో ఉన్న తేడా అంతా కూలి బాకీయే. బంగారం తాకట్టు పెట్టిన తెలుగువారు ఎంతమందో తలచుకుంటే, ఈ ఉదాహరణను పదో తరగతి పాఠంలో చేర్చవచ్చనిపిస్తుంది.

దీనికే వ్యతిరేక దృష్టాంతం: నడిరోడ్డు మీద, ఎవరి స్వాధీనంలోనూ లేని ఉంగరం దొరికింది. వేలికి పెట్టుకుని ఇంటికి పోయినవాడు దొంగ కాడు. ఎవరి చేతిలోంచీ తీయలేదు కదా! అంతటితో బయటపడ్డాడని అనుకోవద్దు. సొమ్మును అక్రమంగా సొంతం చేసుకున్నందుకు 314వ సెక్షన్ అతని కోసం వేరే కాచుకుని ఉంది.

సమ్మతి లేకుండా = స్పష్టం. నోటితో చెప్పనక్కరలేదు, వ్యవహారాన్ని బట్టి ఊహించుకోవచ్చు. స్నేహితుడు ఇంట లేనప్పుడు అతని గ్రంథాలయంలోంచి చదివి ఇవ్వడానికి పుస్తకం పట్టుకుపోవడం దొంగతనం కాకపోవచ్చునని సూత్రకారుడు ఉదాహరించాడు. చదివి ఇవ్వడానికి అన్న మాటను మన పుస్తక ప్రియులు ఎందుకు గమనించరో తెలియదు.

దురుద్దేశంతో = ఒకరికి అక్రమ లాభమో, మరొకరికి అక్రమ నష్టమో కలిగించాలన్న తలంపుతో. గుడి ముందు మీ చెప్పులను తనవేననుకుని నిజంగా పొరబడి తొడుక్కుపోయినవాడు దొంగ కాడు. తనవి కావని ఎరిగి, మీవి కొత్తవని కూడా ఎరిగి తొడుక్కుపోయినవాడు దొంగ. శాశ్వతంగా ఉంచుకోవాలని ఉండాలా? అక్కరలేదు. శిక్షణలో ఉన్న ఒక వైమానిక దళ క్యాడెట్ జోధ్‌పూర్ నుంచి అనుమతి లేకుండా విమానం లేపుకుని పాకిస్తాన్‌లో దింపిన కేసులో, తాత్కాలికంగా తీసుకోవడమూ దొంగతనమేనని సుప్రీంకోర్టు 1957లో చెప్పింది. ఆల్వార్‌లో ఆఫీసు ఫైలును ఒక్క రోజుకు బయటికి పట్టుకెళ్లిన ఉద్యోగికీ ఇదే గతి పట్టింది. చీరల విషయంలో పైన వాయిదా వేసిన జవాబు ఇదే.

కదిలించినచో = తన చేత్తోనే కదపాలని లేదు. జేబులో ఎర పెట్టుకుని పక్కింటి కుక్కను వెంట రప్పించుకున్నవాడి ఉదాహరణ చూడండి. కుక్క తన కాళ్లతో తానే నడిచింది. అది అడుగు తీసి అడుగు వేయగానే దొంగతనం పూర్తయింది. సొత్తు ఇల్లు దాటాలని కూడా లేదు. బల్ల మీది ఉంగరాన్ని, సోదాకు భయపడి, అదే ఇంట్లో ఎవరికీ తట్టని చోట దాచి, గొడవ సద్దుమణిగాక అమ్ముకోవాలనుకున్నవాడు, దాన్ని మొదట కదిపినప్పుడే దొంగ.

ప్రసంగవశాత్తు కన్నం గురించి ఒక మాట. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడు గోడకు వేసే కన్నాల ఆకారాలు ఏడు చెప్పి, కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. మన సంహిత ఇల్లు పగలగొట్టే పద్ధతులను ఆరుగా లెక్కించింది, ఆకారాల ఊసు ఎత్తలేదు. కన్నంలోంచి చేయి లోపలికి పెడితే చాలు, ఇంట్లో ప్రవేశించినట్టే. సూర్యాస్తమయానికి, సూర్యోదయానికి నడుమ అయితే శిక్ష పెరుగుతుంది. దొంగకూ పంచాంగం అవసరమే.

తాత్పర్యం స్పష్టం గనుక రాయలేదు. ఫలశ్రుతి: మూడేళ్ల దాకా ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తగ్గకుండా, ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, జరిమానా. సొత్తు ఐదు వేల రూపాయల లోపుదై, మొదటిసారి నేరం రుజువై, దాన్ని గాని దాని విలువను గాని తిరిగి ఇచ్చేస్తే సామాజిక సేవ, అనగా కోర్టు చెప్పిన పనిని కూలి లేకుండా చేయడం. ఇది 2024లో కొత్తగా చేరిన వాక్యం. ఆంగ్లమూలంలో ఇక్కడ 'షల్' అనే సహాయక క్రియ రెండుసార్లు వచ్చింది. శిక్ష ఎవరికో చెప్పవలసిన కర్త మాత్రం ఆ క్రియల దాపుల్లో లేడు. ఎంత గాలించినా దొరకనందున, కర్త పరారీలో ఉన్నాడని రాసుకున్నాము.